చేతిలో రొక్కం

పొయ్యి ముందర కూచొని జొన్న సంగటి కెలుకుతున్న సుంకమ్మకు నడవలోంచి మొగుని మాట వినపడింది. "దుడ్లకేమప్పా, ఇంట్లో బంగారం ఉండాది. చేతిలో రొక్కం కింద రాసుకో."

ఆ మాట కర్నూలు నుంచి వచ్చిన లెక్కలాయన మహబూబ్ బాషాతో. బ్యాంకు అప్పు కావాలంటే ఆస్తి అప్పుల పట్టీ పెట్టాలన్నారని కంబన్న ఆయన్ని పిలిపించినాడు. కంబన్నది బేతంచెర్లలో బండల వ్యాపారం. కర్నూలు రాజధాని అయింది, ఆఫీసులు లేస్తాయి, నాపరాళ్లకు రెక్కలొస్తాయని ఉన్నదంతా గనిలో పోసినాడు. రాజధాని చూస్తే హైదరాబాదుకు లేచిపోయింది. దాని వెనకాలే బాకీపడిన కంట్రాక్టరూ పోయినాడు. రాళ్లు మాత్రం స్టేషను పక్కన వరసలుగా మిగిలినాయి.

"అన్ని రాళ్లుంటే లేనోణ్ణి ఎట్లయితానప్పా?" అని కంబన్న ఇందాకే గొణిగినాడు.

"లేనోడివని ఎవరన్నారు? ఏడాది లోపల ఇయ్యాల్సిన రూపాయికి, ఆ ఏడాదిలోనే చేతికొచ్చేది ఎంతని బ్యాంకాయన చూస్తాడు. రాళ్లు కలిపితే రూపాయిన్నర. రాళ్లు తీసేస్తే ఆరణాలు. సంతనాడు కూలోళ్లకు రాయి తుంచి ఇయ్యలేవు కదా?"

అందుకొచ్చింది బంగారం మాట.

సుంకమ్మ చెయ్యి ఆగింది. సంగటి అడుగంటుతుందని మళ్లీ కదిలింది. ఆ లెక్క ఆమెకు కొత్తగా అనిపించలేదు. ఇన్నేండ్లూ సంత ముందురోజు కంబన్న వంటింటి గడపలో నిలబడి గోడకేసి చూస్తూ "ఏమే, ఆ గాజులు" అనేవాడు. ఇయ్యి అని కూడా అనేవాడు కాదు. తాకట్టుకని సేటు కొట్టుకు పోయిన గాజులు ఒకసారి నెలకొచ్చేవి, ఒకసారి పంటకొచ్చేవి. చెల్లెలి పెండ్లికి పుస్తెలు కూడా సేటు కాడనే ఉంటే, తాడుకు పసుపుకొమ్ము కట్టుకొని, పైట మెడదాకా లాక్కొని పోయింది. ముత్తైదువలు చూసీ చూడనట్టున్నారు, అదే ఎక్కువ కోసింది. "మొగుని అక్కరకు రాని బంగారం పాడె మీద వేసుకొని పోతావా?" అనేది అత్త లక్ష్మీదేవమ్మ. ఆ అత్త బంగారం ఎన్నడూ పెట్టె దాటింది లేదు. అమ్మ పెట్టిన కాసులపేరు ఒక వేసవిలో సేటు కొట్టుకే పోయింది, మళ్లీ రాలేదు. అడిగితే కంబన్న "నీకు తిండి తక్కువయిందా?" అన్నాడు. తక్కువ కాలేదు. కూలోళ్లందరికీ వండి, గిన్నె గీరుకొని తినేది ఆమే కదా. ఏడ్చే ఓపిక కూడా అయిపోయింది. ఒక్కటి మాత్రం తెలిసొచ్చింది. రాళ్లకు ధర రావాలని కాచుకుంటాడు, బాకీదారుకు గడువిస్తాడు. కాచుకోకుండా, గడువియ్యకుండా సాయంత్రానికి రూపాయలయ్యేది ఈ ఇంట్లో తనొక్కతే.

నడవలో బాషా అడుగుతున్నాడు. "ఆ బంగారం ఎవరిది?"

"ఎవరిదేంది? ఇంటిదే."

"ఇంటిదంటే కుదరదు. పట్టీలో రాస్తే రేపు బ్యాంకాయన తెచ్చి తాకట్టు పెట్టమంటాడు. మీ ఇంటామె ఒప్పుకుంటేనే రాస్తా."

"దాన్నడిగేదేముండాది?" కంబన్న నవ్వినాడు. "ఇన్నాళ్లూ అడిగే తెస్తాంటినా?"

సుంకమ్మ చెయ్యి కడుక్కొని వచ్చి గడపలో నిలబడింది. చేతికి మిగిలిన గాజుల జత మీద కంబన్న చూపు పడింది.

"రాయొద్దన్నా," అంది బాషాతో. "అవి మా అమ్మ నాకు పెట్టినవి."

"పొయ్యి కాడికి పోయే," అన్నాడు కంబన్న. "అవి లేకపోతే అప్పు పుట్టదు."

"పుట్టకపోతే రాళ్లు వచ్చిన ధరకు అమ్ముకో."

"వచ్చిన ధరకా? బజారులో నా మర్యాదేం కావాల?"

"నేను పసుపుకొమ్ముతో పెండ్లికి పోయినప్పుడు యాడ పోయింది నీ మర్యాద?"

బాషా తల వంచుకొని పట్టీలో బంగారానికని వదిలిన వరస మీద గీత కొట్టినాడు.

"ఇంకోటి రాయన్నా," అంది సుంకమ్మ. "నా కాసులపేరు తీసుకుపోయినాడు. ఆయన బాకీ తీర్చాల్సినోళ్ల కాడ సుంకమ్మ అని రాయి."

"పెండ్లానికి బాకీ ఏందే?" అన్నాడు కంబన్న.

బాషా కలం ముంచుకున్నాడు.

"ఏడాది లోపల తీర్చాల్సినదాంట్లోనా అమ్మా, నిదానంగా తీర్చేదాంట్లోనా?"

"ఏడాది లోపల," అంది సుంకమ్మ.