చెంపలో కాపలా

"ఇంకాస్త తెరవండమ్మా," అంది డాక్టరమ్మ. నోరు రెండు వేళ్లకు మించి తెరుచుకోలేదు. ఎడమ చెంప లోపల తెల్లమచ్చగా మొదలైంది కాస్తా పుండై, ఇప్పుడు గడ్డ కట్టింది.

"క్యాన్సరే. కణం దారి తప్పితే ఆపడానికి దాంట్లో కాపలా జన్యువులుంటాయి. పొగాకు తగిలి తగిలి మీ చెంపలో ఆ కాపలా చెడిపోయింది. ఇక అడ్డేముంది? కణాలు ఇష్టమొచ్చినట్టు పెరిగాయి."

ఆమె డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది. "జన్యువంటే వంశంలోంచి వచ్చేది కదండీ? మరి మా అమ్మాయికీ..."

"నెత్తురు కూడా పరీక్ష చేయించాం. అందులో ఆ జన్యువు బాగానే ఉంది, గడ్డలోనే చెడింది. మీరు పుట్టుకతో తెచ్చుకున్నదీ కాదు, కూతురికి ఇచ్చేదీ కాదు. తను నమిలితే మాత్రం తనకీ చెడొచ్చు."

ఆపరేషనుకు సెలవు అడగడానికి అట్నుంచటే షెడ్డుకు వెళ్లింది. నమిలే పొగాకు పొట్లాలు కట్టడం తల్లీకూతుళ్లిద్దరి పనీ. పొద్దున్నే మేస్త్రీ ఒక్కొక్కరి చేతిలో చిటికెడు ఊరికే పోస్తాడు. బుగ్గన పెట్టుకుంటే మధ్యాహ్నం దాకా ఆకలి తెలియదు, పీట మీంచి ఎవరూ లేవరు.

ఆస్పత్రి ఆయా ఫోన్ చేసి చెప్పడంతో కబురు ముందే పాకింది. ఆడవాళ్లంతా చేతులాపి చూస్తున్నారు. మేస్త్రీ నవ్వుతూ ఎదురొచ్చాడు.

"జన్యువుల జబ్బంట కదక్కా! మీ అమ్మా దీంతోనే పోయిందిగా. మా వంశంలోనే ఉందని నీ నోటితో వీళ్లకి చెప్పు, ఊరికే హడలి చస్తున్నారు. నీ పిల్ల పనికేం ఢోకా లేదు, పూచీ నాది."

ఇక ఇల్లు నడవాల్సింది ఆ పిల్ల కూలి మీదే. ఒక్క మాటతో పోయేదానికి మొండికెయ్యడం దేనికి? ఆమె కూతురి వైపు చూసింది. కూతురి బుగ్గ ఉబ్బెత్తుగా ఉంది.

"మా అత్తగారు కూడా దీంతోనే పోయింది మేస్త్రీ," అంది, మాటలు కూడదీసుకుంటూ. "మా అత్తదీ నాదీ ఒకే రక్తమా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. "బతికున్నన్నాళ్లూ మాటే కలవలేదు, రక్తమెక్కడ కలుస్తుందే!"

"మా అమ్మా, అత్తా, నేనూ ముగ్గురం ఈ షెడ్డులోనే కూర్చుని తిన్నది నువ్వు పోసిన చిటికెడే. వంశం మీదికి తొయ్యమంటే నేను తొయ్యను."



"చాల్లే! పనులు చూసుకోండి!" మేస్త్రీ అరిచాడు.

ముందు వరసలోని ముసలామె వేలు బట్టకు తుడుచుకుని, నోట్లో పెట్టి, చెంప లోపల మెల్లగా తడుముకుంది. పక్కనామె కూడా. ఆ వెనకామె కూడా. మేస్త్రీ మళ్లీ అరిచినా ఒక్కరూ పొట్లం ముట్టలేదు.

కూతురు బుగ్గలోది అరచేతిలోకి ఉమ్మేసి, తనూ వేలు పెట్టి చూసుకుంది. తడుముతూ తడుముతూ ఒకచోట ఆగింది.

"అమ్మా, ఇక్కడ గరుగ్గా తగులుతోందేంటి?"