మూడోసారి చెప్పకుండా

మూడో అంతస్తు మెట్ల మలుపులో ఆగి, మోకాలి మీద అరచెయ్యి ఆనించి ఆమె కాసేపు ఊపిరి తీసుకుంది. భుజాన వేలాడే గుడ్డసంచిలో ఒకే ఒక్క ఫైలు ఉంది. మిగతా నూట పన్నెండూ పొద్దున్నే అట్టపెట్టెల్లోకి ఎక్కాయి. దత్తత కోరేవాళ్ల ఇళ్ల విచారణ రేపటి నుంచి ఆఫీసు పని కాదు, గుర్తింపు పొందిన సంస్థల పని. ఆలస్యం తగ్గించడానికట. ఆ ఆలస్యం తనేనని ఆమెకు తెలుసు. ఒకప్పుడు ముగ్గురు చేసిన పనిని ఆరేళ్లుగా ఒక్కతే లాక్కొస్తోంది.

ఆఫీసులో అందరికీ ఆమె విచారణమ్మ. పంతొమ్మిదేళ్లుగా బిడ్డ కావాలన్నవాళ్ల ఇళ్లకు వెళ్లి, మంచాలూ కిటికీలూ మనుషులూ చూసి, ఇవ్వొచ్చో లేదో రాస్తోంది. ఊళ్లో వాళ్ల ఇళ్లన్నీ చూస్తావు, మన ఇల్లెప్పుడు చూస్తావని భర్త ఇవాళ పొద్దున కూడా అన్నాడు, చొక్కాకు తనే గుండీ కుట్టుకుంటూ.

ఆమెకో పద్ధతి ఉంది. రెండుసార్లు చెప్పి వెళ్తుంది, మూడోసారి చెప్పకుండా. చెప్పి వెళ్తే ఇల్లు కనబడుతుంది, చెప్పకుండా వెళ్తే మనుషులు కనబడతారని ఆమె నమ్మకం. ఈ ఇంటికి ఆ మూడోసారి రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. నివేదికకు ఇవాళ ఐదింటిలోపు ఆఫీసు రిజిస్టరులో నంబరు పడితే ఈ దంపతులు బిడ్డ కోసం వరసలో నిలబడతారు. పడకపోతే అంతా మళ్లీ మొదటి నుంచీ.

తలుపు తీసినామె ఇంట్లోనే బట్టలు కుడుతుంది. చుట్టుపక్కల అందరూ టైలరమ్మ అంటారు. విచారణమ్మను చూసి ఆశ్చర్యపోలేదు, పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది. ఇల్లు అద్దంలా ఉంది. సింకులో ఒక్క చెంచా లేదు. స్టవ్ కింద వేలితో రాస్తే వేలు శుభ్రంగానే వచ్చింది. కుట్టుమిషన్ చుట్టూ ఒక్క దారప్పోగు కూడా లేకపోవడం మాత్రం ఆమెకు తేడాగా అనిపించింది.

బస్సు నడిపే భర్త లోపలి గదిలోంచి ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు.

"సెలవు కదా మీకు. ఎక్కడికైనా బయల్దేరుతున్నారా?"

"లేదండీ. మీరొస్తారని."

"నేనొస్తానని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు మేడమ్. రోజూ ఇలాగే ఉంటాం. ఈసారి చెప్పకుండా వస్తానని మీరే అన్నారుగా."

అప్పుడు టైలరమ్మ నోరు విప్పింది. పద్నాలుగు నెలలుగా ఒక్క గిన్నె కూడా తోమకుండా పడుకోలేదట. సొంత చెల్లెలి పెళ్లికి కూడా తను వెళ్తే ఆయన ఇంటి దగ్గరే ఉండిపోయాడట.

"పోట్లాట వస్తే బాత్రూంలో కుళాయి విప్పి పోట్లాడుకుంటాం," అంది. "ఆ చప్పుడులో నా మాటలు సగం ఈయనకు వినబడవు. అందుకే ఈమధ్య అన్నిట్లో ఈయనే గెలుస్తున్నాడు."

విచారణమ్మ నవ్వబోయి ఆగింది. తను మూడోసారి వెళ్లలేకపోయిన ఇళ్లు ఇంకెన్ని ఇలా ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాయో. కుట్టుమిషన్ బల్ల మీదే కాగితాలు పరుచుకుని మూడు పేజీలు రాసింది. చివర ఇవ్వొచ్చు అని రాసి సంతకం పెట్టింది.

నాలుగుంపావుకల్లా ఆఫీసులో ఉంది. నంబర్లు వేసే గుమస్తా ఆమె వైపు చూడలేక కిటికీ వైపు చూశాడు.

"రిజిస్టరు మూడింటికే మూసి పట్టుకుపోయారమ్మా. ఐదన్నది మనం అనుకున్న మాట."

సంస్థ తరఫున వచ్చిన అమ్మాయి చివరి పెట్టెకు తాడు కడుతోంది. విచారణమ్మ ఇచ్చిన మూడు పేజీలూ నిలబడే, తొందరపడకుండా చదివింది. బాగా రాశారంది. కానీ వాళ్ల ఫారాలు వేరట, చేత్తో రాసినవి చెల్లవట.

"మేం మళ్లీ వెళ్లి చూస్తాం మేడమ్. ముందు ఫోన్ చేసే వెళ్తాం. ముప్పై రోజుల్లో అయిపోతుంది."

ఆ గొంతులో గర్వం లేదు. అది ఉన్నా కొంత నయంగా ఉండేది.

అందరూ వెళ్లాక విచారణమ్మ టైలరమ్మకు ఫోన్ చేసింది. నంబరు పడలేదని, ఇంకో నెల పడుతుందని చెప్పింది.

"తప్పు నాదేనమ్మా. కొత్తవాళ్లు ఫోన్ చేసే వస్తారు. ఇక చెప్పకుండా ఎవరూ రారు. ఇవాళ గిన్నెలు అలాగే వదిలేసి పడుకోండి."

అవతల టైలరమ్మ, గొంతు ఏమాత్రం తగ్గించకుండా, భర్తతో అన్నది వినబడింది.

"ఆ చొక్కా విప్పెయ్యండి ఇంక."

విచారణమ్మ ఖాళీ సంచి భుజాన వేసుకుని మెట్లు దిగింది. రేపటి నుంచి తను కూర్చోవాల్సిన స్టోరు గది ముందునుంచే నడిచి, వీధిలో కలిసిపోయింది. పైన ఆఫీసులో, తుడిచిన తన బల్ల మీద గుండుసూది గుచ్చిన మూడు కాగితాలు ఉండిపోయాయి, కుడి మూలన నంబరు వేయాల్సిన చోటు తెల్లగా.