ఒక్క నిమిషం ఆగిన ఎక్స్‌ప్రెస్

బొగ్గు ఇంజన్లు నీళ్ళు పట్టుకునే చోటుగా మొదలైన స్టేషన్ అది. తరవాత ఓ బెంచీ వచ్చింది, బెంచీకి కప్పు వచ్చింది, టికెట్ల కిటికీ వచ్చింది. రోజుకు రెండు పాసింజర్లు ఆగేవి. ఎక్స్‌ప్రెస్ మాత్రం ఊరి మొహాన దుమ్ము కొట్టి పోయేది. పదకొండేళ్ళు అర్జీలు పెట్టగా పెట్టగా, ఆ సోమవారం నుంచి ఒక్క నిమిషం ఆగేలా ఉత్తర్వు వచ్చింది.

ఆ ఉదయం టికెట్లిచ్చే ఆవిడకు ఊపిరాడలేదు. ఎవరికీ ఎక్కడా పనిలేదు. అందరికీ పక్క స్టేషన్‌కే టికెట్ కావాలి. వరసలో మొదట నిలబడింది స్వయానా వాళ్ళ అత్తగారు.

"అక్కడ మీకేం పని అత్తయ్యా?"

"దిగడమే పని. తొందరగా ఇవ్వవే!"

రైలు కూత వినగానే ఆవిడ కిటికీ మూయబోయింది. చూస్తే, బయట గట్టు మీద అత్తగారి కళ్ళజోడు! అది పట్టుకుని ప్లాట్‌ఫారం మీదికి పరుగెత్తింది. రైలు ఆగింది. జనం ఒక్కసారిగా తలుపు మీద పడ్డారు.

"ఆగండర్రా, నేను డ్యూటీలో ఉన్నా!"

ఎవరు వింటారు? కాళ్ళు నేలకు ఆనకుండానే ఆవిడ పెట్టెలో తేలింది. రైలు కదిలిపోయింది.

"వచ్చావా! రా, కిటికీ పక్కన చోటుంచా," అంది అత్తగారు, కళ్ళజోడు అందుకుంటూ.

కోడలు స్టేషన్ మాస్టరుకు ఫోన్ చేసింది. "సార్... నేను రైల్లో ఉన్నాను."

అవతల నుంచి పెద్ద నవ్వు. "టికెట్ కొనడానికి ఊళ్ళో ఎవరు మిగిలారమ్మా? పాసింజర్లో వచ్చెయ్. అందాకా నేను చూసుకుంటాలే."

ఇంతలో టీసీ వచ్చి చెయ్యి చాపాడు.

"టికెట్?"

"నేను... టికెట్లిచ్చేదాన్నండీ," అంది ఆవిడ నీళ్ళు నములుతూ.

"ఇచ్చేవాళ్ళు కొనుక్కోకూడదని ఎక్కడైనా ఉందా అమ్మా?" అంటూ జరిమానా రాసేశాడు. అత్తగారు పొట్ట పట్టుకుని నవ్వింది. కోడలికీ నవ్వాగలేదు.

పక్క స్టేషన్‌లో ఊరు ఊరంతా ఈలలేస్తూ దిగింది. అక్కడి పోర్టరు హడలిపోయాడు.

"ఏమైందండీ? పెళ్ళివారా?"

"కాదయ్యా, మా ఊళ్ళో రైలాగింది!" అని గుంపులోంచి ఊరి దర్జీ గంతేశాడు.

తిరుగు టికెట్ల కోసం ఆవిడ కిటికీ ముందు నిలబడింది. పంతొమ్మిదేళ్ళ ఉద్యోగంలో ఇవతలి వైపు నిలబడడం ఇదే మొదలు. ఊరి పేరు చెబుదామని నోరు తెరిచింది గానీ, నవ్వు తెరలు తెరలుగా వచ్చి మాట పెగల్లేదు.