నత్త తినేసిన కుట్లు

"రేపు పది గంటలకు నమూనా పట్టుకురండి. నచ్చితే మా వాళ్ల అరవై చొక్కాల జేబుల మీద పువ్వు మీరే కుట్టాలి" అని హోటల్ మేనేజరు ఫోన్‌లో చెప్పగానే ఆమె కాళ్లు నేల మీద నిలవలేదు.

పెళ్లయి రెండు నెలలు. ముందుగదిలోకి ఎంబ్రాయిడరీ మిషన్ వచ్చి నాలుగు రోజులు. దాన్ని కొనలేదు, కుట్టుకింత అని కట్టాలి. పడిన ప్రతి కుట్టునూ లోపలున్న సిమ్ కార్డు కంపెనీకి చెప్పేస్తుంది. మొదటి ఇరవై వేల కుట్లు ఉచితం. ఆపైన ఒప్పందం మీద సంతకం పెడితేనే సూది కదులుతుంది. చేతిలో పని లేకుండా సంతకం పెట్టే ధైర్యం ఆలుమగలిద్దరికీ లేదు. రేపు ఈ ఆర్డరు దక్కకపోతే మిషన్ వెనక్కే.

"మనింట్లో ఉంటుంది గానీ మనది కాదట, చుట్టంలాగా!" పాత కాలిమిషన్ తొక్కుతూనే అత్తగారు ఎత్తిపొడిచింది.

నమూనా కుడదామని ఆమె పరుగున వెళ్లి మిషన్ తెర చూసింది. మిగిలిన ఉచిత కుట్లు: సున్నా.

నిన్న పొద్దున తొమ్మిది వేలున్నాయి కదా! కిటికీ దాకా వెళ్లింది, వెనక్కి వచ్చింది, మిషన్ ఆపి మళ్లీ వేసింది. సున్నా కదల్లేదు. ఉండబట్టలేక కంపెనీకి ఫోన్ చేసింది.

"చివరి కుట్టు నిన్న మధ్యాహ్నం మూడూ పదకొండుకు పడింది మేడమ్. డిజైన్ పేరు... నత్త."

"నత్తా?"

ఆ వేళకు తను దారాల కొట్లో ఉంది. తల తిప్పి చూస్తే, వంటింటి గుమ్మంలో భర్త చెవి గోక్కుంటున్నాడు.

"ఏమండీ!"

"నీ పుట్టినరోజుకని దాచానే" అంటూ అతను పడకగదిలోకి వెళ్లి దిండు కింద నుంచి రుమాలు తీసుకొచ్చాడు. దాని మీద ఐదు రంగుల గుల్ల, కొమ్ముల మధ్య దువ్వెనతో ఒక నత్త. "నువ్వు తయారయ్యేసరికి సినిమా సగం అయిపోతుంది కదా, అందుకని..."

తిట్టాలో నవ్వాలో తెలియక ఆమె రెండూ చేసింది. "రేపు ఏం చూపిస్తాం, నా మొహమా?"

అత్తగారు రుమాలు లాక్కుని, కళ్లజోడు సవరించుకుని, తిరగేసి గోటితో గీకింది. ఒక్క దారమూ లేవలేదు.

"ఈ గుల్ల వంపు చూడవే. ఎక్కడా ముడత లేదు. వాళ్ల పువ్వు ఇంతకన్నా కష్టమా?"

ఆమె రుమాలు అందుకుని మడత పెట్టకుండా గుండెకు అదుముకుంది.

"రేపు నత్తనే చూపిద్దాం. తొమ్మిదికల్లా బయల్దేరాలి."

"అయితే ఏడింటికి లేపనా?"

"ఆరింటికి లేపండి."