వరహాలరావు నడుం మీది గడ్డ

వరహాలరావు పుట్టి బుద్ధెరిగాక ఒక్క పిట్టని కొట్టి ఎరగడు. ఇంట్లో బొద్దింక కనబడితే చీపురు తెమ్మని పెళ్లాన్ని కేకేసే రకం. అలాంటి మనిషికి పంతొమ్మిది వందల డెబ్బయిలో సర్కారు రివాల్వరు లైసెన్సు ఇచ్చిందంటే, అది అతను అడిగి కాదు. బావమరిది రామారావు అడిగాడు. రామారావుకి విశాఖపట్నం కలెక్టరాఫీసులో తెలిసినవాళ్లున్నారు. తెలిసినవాళ్లున్న మనిషి ఊరికే కూచోలేడు కదా. గుమ్మలక్ష్మీపురం వైపు కొండల్లో అలజడిగా ఉందనీ, నక్సలైట్లతో కలిసి కొండవాళ్లు షావుకార్ల ఇళ్ల మీద పడుతున్నారనీ రోజూ పేపర్లో చదివి వినిపించేవాడు.

"బావా, అనంతగిరి దాటి ఆ అడవుల్లో ఒక్కడివీ తిరుగుతావు. మా అక్క మొహం సూసైనా ఒప్పుకో" అని పట్టుబట్టాడు. అక్క నూకరత్నం అక్కడే కూచుని చింతపిక్కలు తీస్తోంది. ఆవిడ మొహంలో ప్రత్యేకంగా ఏమీ కనబడలేదు గానీ, వరహాలరావు ఒప్పుకున్నాడు.

అతని కొట్టు శృంగవరపుకోటలో. కొండ మీది సంతల్లో చింతపండు, పిప్పళ్లు, అడ్డాకులు కొని తెచ్చి కింద అమ్ముకోవడం వ్యాపారం. ఏళ్ల తరబడి తన పాత జీపు తనే నడుపుకుంటూ ఘాటీ ఎక్కి దిగుతున్నాడు. పైన ఓ పల్లెలో సుక్రు అనే గిరిజన రైతుతో నేస్తం కట్టాడు. అక్కడ నేస్తం కట్టడమంటే మాటవరస స్నేహం కాదు. దేవత ముందు కొత్త బట్టలు ఇచ్చిపుచ్చుకుంటే, ఆనాటినుంచి ఒకరి తల్లి ఇంకొకరికీ తల్లే. సుక్రు తల్లి సోములమ్మ వరహాలరావుని "కొడకా" అని పిలిచేది. సంతకి ముందురోజు వాళ్లింట్లోనే కూడు, వాళ్లింట్లోనే పడక. కన్నతల్లి చిన్నప్పుడే పోయిన వరహాలరావుకి ఆ పిలుపు కోసమే ఘాటీ ఎక్కబుద్ధేసేది. లాభం తగ్గిన సంతకి కూడా మానకుండా వెళ్లేవాడంటే కారణం అదే.

సరే, రివాల్వరు వచ్చింది. పొట్టిది, నల్లది, బరువు మాత్రం పచ్చడిబండంత. "ఎవలికీ కనబడకూడదు బావా, కనబడితే దాన్నే లాక్కుంటారు" అన్నాడు రామారావు. ఎలా కనబడకుండా ఉంటుందో మాత్రం చెప్పలేదు.

మొదట పంచె రొంటిన దోపాడు. చుట్ట దోపినట్టు దోపితే తుపాకీ నిలుస్తుందా? కొట్టులో లేచి నిలబడేసరికి అది తొడ మీదుగా జారి, మోకాళ్ల మధ్య పంచెలో ఊగింది. బెల్లం కొనడానికొచ్చిన తవిటమ్మ అది చూసి, మొహం తిప్పుకుని, బెల్లం తీసుకోకుండానే వెళ్లిపోయింది. మర్నాడు బనీనులో దాచాడు. బుట్టలోకి వంగి చింతపండు వాసన చూడబోతే జారి అందులోనే పడింది. దాన్ని తీసి, జిగురు తుడిచి, నూనె రాయడానికి నూకరత్నానికి సాయంత్రమైంది.

"ఏటండీ ఇది, తుపాకీతో కూడా సారు పెట్టమంటారేటి?" అందావిడ.

అన్నదే గానీ, పాత హోల్డాలు గుడ్డ చింపి నడుముకి కట్టుకునే సంచీ కుట్టింది కూడా ఆవిడే. కుడిపక్కన, ఎముకకి కాస్త పైన, మెత్తని చోట ఆనేలా కుట్టింది. సంచీ పంచె మీద నిలవదు కాబట్టి వరహాలరావు నలభై దాటాక మొదటిసారి పాంటు కుట్టించుకున్నాడు. పాంటులో చొక్కా దోపితే ఉబ్బు కనబడుతుంది కాబట్టి పొడుగు చొక్కాలు, వదులు చొక్కాలు. షావుకారికి ఈ వయసులో షోకు పుట్టిందని వీధివీధంతా అనుకుంది.

ఆ పైన మనిషి బతుకంతా కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది. కూచునే ముందు ఓ పక్కకి ఒరగాలి. వంగాలంటే నడుం వంచకుండా మోకాళ్ల మీద కిందికి దిగాలి. జీపు గుంతలో పడినప్పుడల్లా పిడి పక్కటెముకలో పొడిచేది. సంచీ కింద చెమటపొక్కులు లేచి, రాత్రిళ్లు నూకరత్నం కొబ్బరినూనె రాసేది. అన్నిటికన్నా చెయ్యి మాట వినేది కాదు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు, ఎవరు పలకరించినా చెయ్యి నడుం మీదికే పోయేది.

"తడుముకోకండి. తడుముకుంటే టముకు కొట్టించినట్టే" అనేది నూకరత్నం.

తిప్పలు పడితే ఏదైనా అలవాటవుతుంది. చలికాలం వచ్చేసరికి తుపాకీ ఉన్న సంగతే మరిచిపోయి బాసింపట్టు వేసుకుని భోంచేసేవాడు. ఒకరోజు స్నానానికి విప్పి మళ్లీ కట్టుకోకుండా వీధిలోకి వచ్చి, సంత మధ్యలో పంచె ఊడినవాడిలా వెనక్కి పరిగెత్తాడు. రామారావు వచ్చి చుట్టూ తిరిగి చూసి, ఎక్కడుందో కనిపెట్టలేక, "బావా, నువ్వు ఆరితేరిపోయావు" అన్నాడు. వరహాలరావు పొంగిపోయాడు.

అలవాటైంది బరువొక్కటే అయితే బాగానే ఉండును. ఇదివరకు దారిలో మనిషి ఎదురైతే ముందు మొహం చూసేవాడు. ఇప్పుడు ముందు చేతులు చూస్తున్నాడు. ఈ సంగతి నూకరత్నం కనిపెట్టింది గానీ, అతనికే తెలీదు.

కొండ మీద మాత్రం ఒక్క చిక్కుంది. సోములమ్మ కళ్లు డేగ కళ్లు. పాంటు వేసుకుని మొదటిసారి వెళ్లినప్పుడు, నేల మీద కూచోబోయి మూలిగి నడుం పట్టుకున్నాడు.

"ఏటయింది కొడకా? పక్కన ఆ ఉబ్బేటి?"

నిజం చెప్పడానికి నోరు రాలేదు. తన కంచంలో కూడు పెడుతున్న మనిషికి, తుపాకీ తెచ్చుకున్నానని ఎలా చెప్తాడు? "గడ్డమ్మా" అన్నాడు. "చిన్న గడ్డ లేచింది."

"నొప్పెడతందా?"

"కూచున్నప్పుడు."

ఆ ముక్క మాత్రం నిజమే. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇది మరీ అతికిపోయి, ఇంక ఊడిరాలేదు. సోములమ్మ అప్పటికప్పుడు అడవిలోకి పోయి ఏదో బెరడు చెక్కి తెచ్చి కషాయం కాచింది. దాని ముందు వేపాకు బెల్లంతో సమానం. వరహాలరావు కళ్లు మూసుకుని తాగాడు. అక్కణ్నుంచి ప్రతి సంతకీ కషాయమే. పైన పట్టు వేస్తానంటే, "ముట్టుకుంటే ప్రాణం పోతాదమ్మా" అని తప్పించుకునేవాడు. మింగలేడు, కక్కలేడు. సుక్రు పాపం, కోత కోయించుకోమని, తోడు తనొస్తానని బతిమాలేవాడు. ఎన్ని కషాయాలు పోసినా గడ్డ తగ్గకపోయేసరికి సోములమ్మకి దిగులు పట్టుకుంది. నొప్పితో నిద్రపట్టిందో లేదోనని రాత్రి మధ్యలో దీపం పట్టుకొచ్చి చూసి పోయేది. ఆ అడుగుల చప్పుడుకి వరహాలరావు చెయ్యి దుప్పటి కింద నడుం మీదికి వెళ్లేది. వచ్చింది ఆవిడేనని తెలిశాక కూడా, చెయ్యి తియ్యడానికి ఓ క్షణం పట్టేది.

చైత్రం వచ్చింది. కొండ మీద ఇటుకల పండగ. మగవాళ్లంతా విల్లంబులు పట్టుకుని వేటకి పోతారు. ఉత్త చేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు పేడనీళ్లతో పలకరిస్తారు. మగవాళ్లు లేనప్పుడు ఆడవాళ్లదే రాజ్యం. మొహాలకి మసీ బూడిదా పూసుకుని, రోడ్డుకి అడ్డంగా దుంగ పడేసి, వచ్చిన బండినల్లా ఆపి పాటపాడి పజోరు అడుగుతారు. పజోరంటే పండగ మామూలు. ఇవ్వకపోతే బండి కదలదు. వరహాలరావుకి ఆ పండగంటే మహా సరదా. ఏటా జేబులో చిల్లర పోసుకుని వెళ్లి, ఇవ్వనని బెట్టుచేసి, వాళ్ల చేత నాలుగు తిట్లు పాటగా పాడించుకుని మరీ ఇచ్చేవాడు.

ఆ ఏడు కింది పల్లెల్లో పండగ ముందు వారమే అయిపోయింది. అన్నిచోట్లా అయిపోయిందనుకున్నాడు. నిజానికి పండగ ఊరికో రోజున చేసుకుంటారు. అన్నేళ్లు తిరిగిన మనిషికి ఆ మాత్రం తెలియదా అంటే తెలుసు. కానీ రామారావు మొన్ననే చెప్పిన కబురు చెవిలో గింగురుమంటోంది: ఎక్కడో దుంగ అడ్డం పడేసి ఓ షావుకారి జీపు ఆపేశారట. చెవిలో ఒకటి మోగుతుంటే తెలిసినవి గుర్తురావు.

తెల్లవారి మంచు ఇంకా విడలేదు. మలుపు తిరిగేసరికి రోడ్డుకి అడ్డంగా దుంగ. బ్రేకు తొక్కాడు. రెండు పక్కల పొదల్లోంచి నల్లటి మొహాలు, చేతుల్లో కర్రలు. వరహాలరావు చేతులే చూశాడు, మొహాలు చూడలేదు. చొక్కా లేచింది, బొత్తాం తెగింది, నెలల తరబడి నేర్చిన విద్యంతా పనికొచ్చి రివాల్వరు ఎక్కడా చిక్కుకోకుండా చేతిలోకి వచ్చింది.

"కదిలితే కాల్చేస్తాను" అన్నాడు. ఆ గొంతు తనదేనా అని అతనికే అనుమానమొచ్చింది.

మొదలెట్టిన పాట ఆగిపోయింది. చివర నిలబడ్డ ఓ గుంటపిల్ల చేతిలో కర్ర వదిలేసి, రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. అందరికన్నా ముందున్న మనిషి మాత్రం కదల్లేదు. కొంగుతో నెమ్మదిగా మొహం తుడుచుకుంది. మసి కింద సోములమ్మ.

ఆవిడ తుపాకీ వైపు చూడలేదు. వరహాలరావు నడుం వైపు చూసింది. అక్కడ ఖాళీ సంచీ వేలాడుతోంది, ఉబ్బు లేదు.

"ఇదేనా గడ్డ" అంది.

వరహాలరావు చెయ్యి దించాడు. ఇంకో అరక్షణం ఆవిడ మొహం తుడుచుకోకపోతే ఏమయ్యేదో ఆలోచించడానికి కూడా ధైర్యం చాలలేదు. వెనకనుంచి ఎవరో, "అత్తా, నీ కసాయం పనిసేసింది, గడ్డ ఊడొచ్చీసింది" అన్నారు. నవ్వులు లేచాయి. "సేతిలో ఆయుదం ఉంది గదా, ఏటకి తోలీండి, ఉత్త సేతుల్తో వత్తే పేడనీళ్లు పోసీద్దుము" అంది ఇంకొకామె. భయం వదిలిన నవ్వు కాబట్టి గట్టిగానే నవ్వారు. సోములమ్మ నవ్వలేదు.

"మా ఇంట్లో పడుకున్నప్పుడు కూడా ఉందా?"

"ఉంది."

"నాను దీపం అట్టుకొచ్చినప్పుడు?"

"ఉందమ్మా."

"ఎవలంటే బయం నీకు, సావుకారీ?"

అన్నేళ్లలో ఆవిడ అతన్ని కొడకా అనే గానీ అలా పిలవలేదు. దొంగలనొచ్చు, ఎలుగుబంట్లనొచ్చు, చిరుతపులులనొచ్చు. అతికే అబద్ధాలు ఇంకా చాలా ఉన్నాయి. కానీ ఆవిడ చేత ఇంకో కషాయం కాయించే సిగ్గుమాలినతనం అతనిలో మిగల్లేదు.

"మీరంటేనే" అన్నాడు.

నవ్వులు ఆగిపోయాయి. సోములమ్మ కొంగుకి అంటిన మసి చూసుకుంది. కోపంగా కనబడలేదు. ఎప్పటిదో గుర్తు చేసుకుంటున్నట్టుంది.

"మాకూ బయమేసింది" అంది. "నువ్వు మొదటిసారి తక్కెడ బుజానేసుకొని వచ్చినావు సూడు, ఆ దినం. తక్కెడోడు వత్తన్నాడంటే గుంటల్ని లోనకి లాక్కునీవోళ్లం. నీకు ముందొచ్చినోళ్లు మమ్మల్ని దాంతోటే ముంచీసినారు. ఆ రేతిరి నువ్వు పడుకున్నావు. నాను పడుకోనేదు, తలుపుకాడ కూకున్నాను. అయినా నీకు కూడెట్టినాం గదా."

ఆ రాత్రి సంగతి వరహాలరావుకి తెలీదు. తను మంచివాణ్ని కాబట్టే వాళ్లు లోపలికి రానిచ్చారని ఇన్నేళ్లూ అనుకున్నాడు. చూపు మసకబారింది, చొక్కాతో కళ్లు తుడుచుకున్నాడు. ఆడవాళ్లు దుంగ పక్కకి దొర్లించారు. ఎవరూ పజోరు అడగలేదు. అడగనందుకు అతనికి ఏడుపొచ్చింది.

"ఇంటికి రావచ్చామ్మా?" అని అడిగాడు.

"అది లోనకి రాదు. నువ్వు వత్తే రా" అని ఆవిడ ముందు నడిచింది.

రివాల్వరులోంచి గుళ్లు తీసి, దాన్ని సంచీతో సహా జీపు పనిముట్ల పెట్టెలో పెట్టి తాళం వేశాడు. ఆవిడ వెనకాల గట్టెక్కి, ఇంటి ముందు అరుగు మీద కూచున్నాడు. ఓ పక్క బరువు తగ్గి, ఒళ్లు రెండో పక్కకి ఒరిగిపోతున్నట్టుంది. కోడి అరిచినా, పొదలో ఆకు కదిలినా చెయ్యి నడుం మీదికి పోతోంది. అక్కడ ఏమీ లేక తిరిగొస్తోంది. మళ్లీ పోతోంది. ఎంత సిగ్గుపడుతున్నా ఆగడం లేదు.

సోములమ్మ గుమ్మంలో నిలబడి అదంతా చూసింది. లోపలికి పోయి, పొగలు కక్కుతున్న చోడి అంబలి అడ్డాకు దొన్నెలో పోసి తెచ్చింది. వరహాలరావు ఎడం చెయ్యి చాచాడు. ఆవిడ ఇవ్వలేదు.

"రెండు సేతుల్తోనూ అట్టుకో" అంది. "ఉడుకుగుంది, ఒలికిపోద్ది."

రెండు చేతులతోనూ పట్టుకున్నాడు. దొన్నె అడుగు కనబడకముందే ఆవిడ ఇంకో గరిటె పోసింది.