చిన్నల్లుడికి చప్పట్లు

విమానాల మరమ్మతు షెడ్డులో ఆ తోడల్లుళ్ళిద్దరూ మెకానిక్కులే. అత్తవారింటి పిలుపులే అక్కడా స్థిరపడ్డాయి: పెద్దల్లుడు, చిన్నల్లుడు. పెద్దల్లుడు ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒక్క మాట పడ్డవాడు కాదు. అలాంటివాడికి కొన్నాళ్ళుగా అన్నం సయించడం లేదు.

చిన్నల్లుడు ఒక ఇంజనులో స్పానరు మరిచిపోయి, తనంతట తానే పరుగెత్తి చెప్పాడు. తప్పు ఒప్పుకుంటే శిక్ష ఉండదని సంస్థ ముందే మాటిచ్చింది. భద్రత చూసే మేడమ్ ఆ మాట నిలబెట్టడమే కాక, అందరి చేతా అతనికి చప్పట్లు కొట్టించింది. ప్రతి పనిముట్టుకీ దాని ఆకారంలోనే గూడు ఉన్న పెట్టెలు తెప్పించింది. ఏది లేకపోయినా ఆ గూడు ఖాళీగా కళ్ళబడుతుంది.

మరిచిపోయినవాడికి మెప్పు, మరిచిపోనివాడికి మొండిచెయ్యా? పెద్దల్లుడి కడుపు రగిలిపోయింది. ఇంట్లో భార్య కూడా వడ్డిస్తూ చెల్లెలి మొగుడి నిజాయితీని వర్ణిస్తుంటే, కంచం ముందు నుంచి లేచిపోయేవాడు.

ఒక సాయంత్రం చిన్నల్లుడు ఇంటికి బయల్దేరాక, అతని పెట్టె తెరిచి ఉండటం పెద్దల్లుడు చూశాడు. టార్చి గూడు ఖాళీ. చిన్నల్లుడు పనిచేసిన విమానం అవతల ప్రయాణికుల్ని ఎక్కించుకుంటోంది.

చెబితే వాడు మళ్ళీ తప్పు నాదే అంటాడు, మళ్ళీ చప్పట్లు. చెప్పకపోతే ఈసారి దొరికిపోతాడు. దొరకనీ అనుకుని పెద్దల్లుడు తాపీగా చేతులు కడుక్కోసాగాడు. అసూయ ఎంత గుడ్డిదో చూడండి: ఆ విమానం ఎక్కేవాళ్ళెవరూ అతని తోడల్లుళ్ళు కారు.

కిటికీలోంచి చూస్తే, మెట్ల మీద ఒక తల్లి చంటిబిడ్డను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంటోంది.  పెద్దల్లుడు తువ్వాలు పడేసి పరుగెత్తాడు.

విమానాన్ని ఆపారు. టార్చి చక్రాలు ముడుచుకునే అరలో దొరికింది. కబురందుకుని చిన్నల్లుడు దారిలోంచి వెనక్కి వచ్చాడు.

"ఎప్పుడు చూశారు?" అని మేడమ్ పెద్దల్లుణ్ణి అడిగింది.

ఇప్పుడే అంటే సరిపోయేది. ఇన్నాళ్ళూ కుళ్ళి కుళ్ళి కోరుకున్న మెప్పు కూడా దక్కేది.

"చాలాసేపైంది మేడమ్. వాడి మీద కుళ్ళుతో నోరు మూసుకున్నాను."

"మరిచిపోయింది నేను కదన్నయ్యా," అన్నాడు చిన్నల్లుడు నీరసంగా.

ఊరుకున్నందుకు చర్య ఉంటుందనీ, నిజం చెప్పినందుకు మాత్రం ఉండదనీ మేడమ్ తేల్చి చెప్పింది. మర్నాడు అందర్నీ సమావేశపరిచింది.

"భద్రతంటే నాలుగు పనులు. యాజమాన్యం మాటివ్వాలి, ఇచ్చాం. ప్రమాదాన్ని ముందే వెతకాలి, వెతికాం. అందరికీ నేర్పాలి, నేర్పాం. చేసింది ఫలిస్తోందా అని తిరిగి చూసుకోవాలి. అది చూడలేదు. గూళ్ళ పెట్టెలు తెప్పించాం గానీ, పెట్టె మూసేముందు చూసేవాణ్ణి పెట్టలేదు. ఒకణ్ణి పొగిడితే ఇంకొకడి మనసులో ఏమవుతుందో కూడా చూడలేదు. ఆ తప్పు నాది. ఇకమీదట ఒకరి పెట్టె ఇంకొకరు చూశాకే విమానం కదులుతుంది."

మిగతాది చెప్పవలసింది మీరేనని ఆమె పెద్దల్లుడి వైపు తిరిగింది. అతను లేచాడు. 

"వాడు పడితే చూద్దామనుకున్నాను. మన పనిలో పడేది ఎప్పుడూ ఒక్కడే కాదు."