డాక్టరమ్మ కోటు జేబు

ముప్పై ఏళ్లుగా కుట్టుమిషను తొక్కిన నా కాలు ఒకరోజు పెడలు మీంచి జారిపోతే నాకు తెలియనే లేదు. చేతులు గుడ్డను తోస్తున్నాయి, సూది మాత్రం కదలదు. మిషన్ని నాలుగు తిట్లు తిట్టాను. మా ఆవిడ కిందికి వంగి చూసి, "మిషన్ని కాదు, మీ కాలిని తిట్టండి" అంది.

వారం తిరిగేసరికి రెండో కాలూ పడిపోయింది. స్కానింగులో సంగతి తేలింది. వెన్నెముకలో ఒక పురుగు నీటితిత్తి కట్టుకుని నరాల్ని నొక్కుతోందట. కుక్కల కడుపులోంచి వచ్చే పురుగట అది. మా కొట్టు గుమ్మంలో గుడ్డపీలికల మీద పడుకునే కుక్క, మా ఆవిడ చూసిన చూపుకి తోక ముడిచింది. రెక్కాడితే గాని డొక్కాడదంటారు. మా ఇంట్లో కాలు కూడా ఆడాలి.

ఆపరేషను చేసే డాక్టరమ్మ నాకంటే ఇరవై ఏళ్లు చిన్నది. తిత్తి పగలకుండా తీయాలని, పగిలితే లోపలి పిల్లపురుగులు చెదిరి మళ్లీ తిత్తులు కడతాయని దాచకుండా చెప్పింది. కాళ్లు తిరిగొస్తాయా అంటే చూద్దామంది. నాకు భయమేసింది. భయమేస్తే నా నోరు ఆగదు. పాత కోటు లైనింగు ఊడదీసేటప్పుడు లాగకూడదనీ, చుట్టూ వదులు చేస్తే దానంతటదే వస్తుందనీ ఆమెకు పాఠం చెప్పాను. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే. ఆమె నవ్వకుండా, తానూ అంతే చేస్తానంది. కానీ ఆమె తెల్లకోటు జేబు ఒక మూల ఊడి వేలాడుతోంది. అది చూసి నా ధైర్యం సగం జారింది.

తిత్తి చిట్లకుండా వచ్చేసింది. కాళ్లే రాలేదు. వ్యాయామం చేయించే అతను రోజూ కాలివేలు కదపమనేవాడు. పళ్లు బిగించేవాణ్ణి, పళ్లే అరిగాయి. మిషను అమ్మేద్దామని ఒకసారి అన్నాను. మా ఆవిడ వినపడనట్టే సంచి సర్దుకుంది.

పదకొండో రోజు డాక్టరమ్మ చూడటానికి వచ్చింది. ఆ జేబు ఇంకా వేలాడుతూనే ఉంది. ఇక ఓర్చుకోలేక కోటు విప్పి ఇమ్మన్నాను. మా ఆవిడ సంచిలో సూదీ దారం ఎప్పుడూ ఉంటాయి. చేత్తో కుట్టేదైనా సరే, ముందు అంచు మడిచి, మిషను కింద తోసినట్టు బల్ల మీద రెండు చేతులతో తోసి చూసుకోవడం నా అలవాటు. ఆసుపత్రి మంచానికి అడ్డంగా ఉన్న భోజనం బల్ల మీద అలాగే తోశాను.

మా ఆవిడ నా భుజం పట్టుకుంది. నా కాళ్ల మీది దుప్పటినే చూస్తోంది.

"ఆపకండి" అంది. "తొక్కుతున్నారు."

నేను కిందికి చూడలేదు. చూస్తే ఆగిపోతుందేమోనని భయం. అంచును తోస్తూనే ఉన్నాను. ఆవిడ ఏడుస్తోంది, డాక్టరమ్మ కూడా దుప్పటి మీదికే వంగింది.

ఆ జేబుకి ఒక వరస కుట్టు చాలు. నేను మూడు వరసలు కుట్టాను.